స్నేహితురాళ్ళతో రెండు రోజులు లేసు అల్లడానికి నరసాపురం వెళ్తే

ఐదుగురు స్నేహితురాళ్ళు, శని ఆదివారాలు, గోదావరి జిల్లాల్లో ఎక్కడైనా ఉండి ఏదైనా చేతిపని నేర్చుకోవాలి, ఎవరికీ ముందు నుంచి ఏమీ రాదు, ఒకామెకు అసలు అల్లికలంటేనే ఇష్టం లేదు. మీ ప్రశ్న ఇదే కదా. మా కాలేజీ స్నేహితురాళ్ళం చలికాలం వస్తే ఇలాగే కలుస్తాం కాబట్టి నాకు తెలిసింది రాస్తాను. నా మాట వింటే నరసాపురం వెళ్ళండి, లేసు అల్లడం ఒక్కటే నేర్చుకోండి. దాని మీద బతికే ఒక ఆవిడను పిలిచి, టీచరుకు ఇచ్చినట్టే డబ్బులిచ్చి నేర్చుకోండి. ఆ రెండు రోజులూ మీలో ఎవరూ వంటింట్లోకి వెళ్ళకండి.

మన వైపు చేతిపనులకు కొదవ లేదు. ఉప్పాడలో జాందానీ చీరలు, బండారులంకలో చేనేత, కోనసీమ అంతటా కొబ్బరి పీచు పని, ఆత్రేయపురంలో పూతరేకులు. అన్నీ చూడాలనిపిస్తుంది. కానీ ఉప్పాడ ఒక చివర, నరసాపురం ఇంకో చివర. రెండూ పెట్టుకుంటే మీ శనివారం కారులోనే అయిపోతుంది. పైగా మగ్గం పని రెండు రోజుల్లో చూడగలం గానీ నేర్చుకోలేం. లేసుకు చివర కొక్కెం ఉండే ఒక చిన్న క్రోషా సూది, ఒక దారం ఉండ చాలు. బల్ల అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటూ కూర్చోవచ్చు. కబుర్లు ఆగకుండా చేతులు ఆడే పని ఇంతకంటే మరొకటి నాకు తెలియదు.

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు, గోదావరి దాటితే సఖినేటిపల్లి, రాజోలు వైపు ఊళ్ళలో ఈ పని తరతరాలుగా ఉంది. 1844లో వచ్చిన స్కాట్లాండ్ మిషనరీలు మాక్రే దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకు నేర్పారని చెప్తారు. అక్కడి నుంచి తల్లి చేతి నుంచి కూతురి చేతికి వచ్చింది. దిండు గలీబులు, టేబుల్ గుడ్డలు, సోఫా మీద వేసే గుడ్డలు, జాకెట్లు, ఇలా ఇక్కడ అల్లినవి విదేశాలకు ఎగుమతి అవుతాయి. 2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్), అంటే ఆ పేరు ఈ ప్రాంతపు పనిదే అన్న గుర్తింపు, కూడా వచ్చింది. అల్లేది మాత్రం ఇళ్ళల్లోనే. పొద్దున వంట అయ్యాక, పిల్లలు బడికి వెళ్ళాక, మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుని అల్లుతారు. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, అయ్యాక వచ్చి పట్టుకెళ్తాడు, ముక్కకు ఇంత అని కడతాడు. ఒకామె పువ్వులు మాత్రమే అల్లుతుంది, ఇంకొకామె వాటిని కలిపి పెద్ద గుడ్డగా చేస్తుంది. దాన్ని అతుకుపని అంటారు. ఇంటి పనుల మధ్య చేస్తారు కాబట్టి ఖాళీగా కూర్చుని చేసే పని అన్నట్టు చూస్తారు చాలామంది. మెడ వంచి గంటల తరబడి తెల్లదారం మీద కళ్ళు నిలపడం ఎంత పనో ఒక్క పూట కూర్చుంటే మీకే తెలుస్తుంది.

అందుకే నేర్పే ఆవిడ దగ్గర బేరం ఆడకండి అని ఇంత గట్టిగా చెప్తున్నాను. ఆవిడ మీ కోసం ఆ రోజు తన అల్లిక వదులుకుని వస్తుంది. అల్లిక కూలి లెక్కగట్టి అంతే ఇస్తే అన్యాయం. మీ ఊళ్ళో పిల్లల సంగీతం టీచరుకో, డ్రాయింగ్ టీచరుకో గంటకు ఎంత ఇస్తారో ఆ లెక్కన ఇవ్వండి, ముందే మాట్లాడుకోండి. ఆటో ఖర్చు, భోజనం మీదే. ఎవరిని పిలవాలో తెలియకపోతే, మీరు దిగే చోట వంట చేసే ఆవిడనో, పక్కింటి వాళ్ళనో అడగండి. ఆ వైపు ప్రతి వీధిలో అల్లేవాళ్ళు ఉంటారు. మాకు నేర్పే ఆవిడ మా కంటే వయసులో పెద్ద, మేమంతా పిన్నిగారూ అంటాం. మొదటి పూట మా చేతులు చూసి ఒక్కటే మాట అన్నారు, "దారాన్ని బిగబట్టి లాగకండమ్మా, దాని దారిన దాన్ని రానివ్వండి." గొలుసు, అంటే మొదట అల్లే ఉచ్చుల వరుస, బిగిసిపోతే రెండో వరుసలో సూది దూరదు. కొత్తవాళ్ళందరికీ ఇదే ఇబ్బంది. ఎడమ చేతి చూపుడువేలు మీదుగా దారం ఎలా జారాలో ఆవిడ మీ పక్కన కూర్చుని మీ వేలు పట్టుకుని చూపిస్తుంది. వీడియోలో ఎన్నిసార్లు చూసినా అది వేలికి అందదు.

రెండు రోజుల్లో ఎంత వస్తుందంటే, గ్లాసు కింద పెట్టుకునే గుండ్రటి ముక్క ఒకటి ప్రతి ఒక్కరూ పూర్తి చేయగలరు. శనివారం పొద్దున ముడి, గొలుసు. గొలుసు మాత్రమే ఒక గంట అల్లి విప్పండి, అల్లి విప్పండి. తర్వాత ఆరు గొలుసులు అల్లి మొదటిదానికి కలిపితే చిన్న రింగు అవుతుంది. ఆ రింగులో నిలువు కుట్లు, అంటే సూదికి ఒకసారి దారం చుట్టి తీసేవి, పన్నెండు వేస్తారు. రెండో వరుసలో ప్రతి కుట్టులో రెండేసి వేస్తే ఇరవై నాలుగు. మూడో వరుసలో ఒకదాంట్లో ఒకటి, పక్కదాంట్లో రెండు, అలా వెళ్తే ముప్పై ఆరు. ప్రతి వరుసకూ పన్నెండు పెరగాలి. తక్కువ పెరిగితే ముక్క గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంది, ఎక్కువైతే అంచు కుచ్చిళ్ళు కుచ్చిళ్ళుగా లేస్తుంది. ఈ లెక్క బుర్రకు ఎక్కిందంటే ఏ గుండ్రటి డిజైన్ చూసినా ఎలా అల్లారో మీరే పోల్చుకుంటారు. నాకు అన్నింటికంటే సంతోషం ఇచ్చింది ఇదే. అమ్మమ్మ పెట్టెలో ఉన్న పాత టేబుల్ గుడ్డను బయటికి తీసి వరుసలు లెక్కపెట్టుకున్నాను. అన్నేళ్ళుగా చూస్తున్న గుడ్డే, ఎవరో ఒకావిడ కూర్చుని ఆలోచించి వేసిన లెక్క అందులో ఉందని అప్పుడే కనిపించింది.

సరంజామా విషయానికొస్తే, ఎగుమతికి వాడే సన్నదారంతో మొదలుపెట్టకండి. కొంచెం లావుపాటి నూలు దారం, రెండు, రెండున్నర మిల్లీమీటర్ల క్రోషా సూది తెచ్చుకోండి. యాంకర్ వాళ్ళ నిట్టింగ్ కాటన్ పెద్ద ఊళ్ళలో ఫ్యాన్సీ షాపుల్లో దొరుకుతుంది. తెలుపు కాకుండా లేత రంగు ఏదైనా తీసుకుంటే కుట్లు బాగా కనబడతాయి. తెలుపే కావాలంటే ఒళ్ళో ముదురు రంగు తువ్వాలు పరుచుకోండి. నలభై దాటినవాళ్ళు చదువుకునే కళ్ళజోడు మర్చిపోకూడదు. మన తేమకు చేతులు చెమటలు పడతాయి, కొంచెం పౌడర్ రాసుకుంటే సూది సాఫీగా కదులుతుంది. రొయ్యల వేపుడు తిన్న చేతిని సబ్బుతో రెండుసార్లు కడిగాకే దారం పట్టుకోండి, ఎందుకంటే నూలు వాసన పట్టేస్తుంది. దారం ఉండను స్టీలు గిన్నెలో వేసుకుంటే ఇల్లంతా దొర్లదు. పగటి వెలుతురులో వసారాలో కూర్చోండి. సాయంత్రం దోమలు మొదలవుతాయి, ఆ టైముకు అల్లిక కట్టేసి నడకకు వెళ్ళడం మంచిది.

ఇక వంట. కలిసి వండుకుంటే సరదాగా ఉంటుంది అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోవద్దు. నలుగురు ఆడవాళ్ళు ఒక చోట చేరితే వంటింటికి ఎవరు ముందు లేస్తారో మనందరికీ తెలుసు. ఆ లేచే ఆవిడకు లేసు రాదు, కబుర్లు సగం వినబడవు, ఇంటికి వెళ్ళాక అలసట మిగులుతుంది. మాలో అలాంటి స్నేహితురాలు ఉంది. పెళ్ళయిన దగ్గర నుంచి ఎవరో ఒకరికి పెట్టకుండా తాను తినలేదు. నరసాపురంలో ఆమె ముందు వేడి వేడి భోజనం ఎవరో వడ్డిస్తే, సగం తిన్నాక కళ్ళు తుడుచుకుంది. ఆ మధ్యాహ్నం ఆమె అల్లిన వరుసలే మా అందరిలోకీ సమంగా వచ్చాయి. ఊళ్ళో వంట చేసిపెట్టే ఆవిడతో ముందే మాట్లాడి పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం, రాత్రికి ఏదో తేలికగా అని చెప్పేయండి. ఇంటి ఫోన్లకు కూడా రాత్రి ఒక టైము పెట్టుకోండి. పిల్లల గురించి టెన్షన్ మొదటి పూట ఉంటుంది, తర్వాత వాళ్ళే సర్దుకుంటారు.

వెళ్ళే కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. సంక్రాంతి వారం వద్దు, ఊళ్ళన్నీ బంధువులతో నిండిపోతాయి, నేర్పే ఆవిడకూ తీరిక ఉండదు. మాఘమాసంలో భీష్మ ఏకాదశి రోజుల్లో గోదావరి అవతల అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, రథోత్సవం, అప్పుడు నరసాపురం రేవులో అడుగు పెట్టలేం. వరదల కాలంలో గోదావరి దాటించే పంటు ఆపేస్తారు. హైదరాబాద్ వైపు నుంచైతే రాత్రి రైలు ఎక్కి పొద్దున దిగవచ్చు. నరసాపురమే చివరి స్టేషన్, నిద్రపోయినా దాటిపోయేదేమీ లేదు. బస ఊళ్ళోనే చూసుకుంటే నేర్పే ఆవిడకు సులువు. గోదావరి ఎదురుగా ఉండాలనుకుంటే పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటితే దిండి, అక్కడ రిసార్టులు ఉన్నాయి, కానీ ధర ఎక్కువ, శని ఆదివారాలు రద్దీ.

ఆదివారం మధ్యాహ్నానికి ముక్క పూర్తయితే పల్చటి గంజిలో ముంచి, తువ్వాలు మీద గుండ్రంగా లాగి, చుట్టూ గుండుసూదులు గుచ్చి ఆరబెట్టండి. అల్లినప్పుడు వంకరగా కనిపించింది కూడా ఆరాక తీరుగా నిలబడుతుంది. పూర్తిగా ఎండాకే మడవండి, లేకపోతే ఈ గాలికి బూజు పడుతుంది. అది ఆరేలోపు పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది వెళ్ళిరావచ్చు. సొంత కారులో రాజమండ్రి మీదుగా తిరిగి వెళ్ళేవాళ్ళయితే దానికి బదులు ఆత్రేయపురంలో ఆడవాళ్ళు పూతరేకులు చేసే చోట ఒక గంట ఆగండి. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పిండిలో ముంచిన గుడ్డను పైన ఒక్కసారి పరిచి లాగితే కాగితం కంటే పల్చటి రేకు వస్తుంది. రెండు రోజులు సూది పట్టుకున్న చేతులతో చూస్తే ఆ ఆడవాళ్ళ నేర్పు ఇంకా బాగా అర్థమవుతుంది.

అల్లికలంటే ఇష్టం లేని మీ స్నేహితురాలిని కూడా తప్పకుండా తీసుకెళ్ళండి, సూది పట్టుకోమని మాత్రం బలవంతం చేయకండి. మాతో వచ్చే ఒకామె ఇప్పటికీ అల్లదు. దారం లచ్చీలను ఉండలు చుడుతుంది, మేము కబుర్లలో పడి లెక్క తప్పితే కుట్లు లెక్కపెట్టి చెప్తుంది, ఏదైనా కథ పైకి చదువుతుంది. పిన్నిగారు నోటితో చెప్పే డిజైన్లను నోట్‌బుక్‌లో వరుసవారీగా రాసిపెట్టేదీ ఆమే. మేము ఇంటికి వచ్చాక ఏ పెద్ద ముక్క మొదలుపెట్టినా ఆ నోట్‌బుక్ ఫోటోలు పంపమని ఆమెనే అడుగుతాం. మీరు వెళ్ళేటప్పుడు అలాంటి నోట్‌బుక్ ఒకటి, రెండు పెన్నులు ఆమె సంచిలో పెట్టండి.