మా అబ్బాయి శనివారం రాత్రి ఫ్రెండ్స్‌తో బయటికి వెళ్తానంటున్నాడు, పంపమంటారా?

మీవాడికి పదహారేళ్లనీ, ట్యాంక్‌బండ్ వైపు వెళ్తానని పట్టుబడుతున్నాడనీ, వద్దంటే చెప్పకుండా వెళ్తాడేమోనని భయంగా ఉందనీ రాశారు. నేను వనస్థలిపురంలో పెరిగానండీ. అలా చెప్పకుండా వెళ్లినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

2009లో నేను ఇంటర్ సెకండియర్. వారమంతా కాలేజీ, స్టడీ అవర్లు. శనివారం సాయంత్రానికి కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. తొమ్మిదిన్నరకల్లా కాలనీలో షట్టర్లన్నీ దించేసేవాళ్లు. సందు చివర కల్వర్టు మీద కూర్చుంటే వచ్చీపోయే కుక్కలే కాలక్షేపం. తాగాలనో గొడవలు పెట్టుకోవాలనో కాదు, రాత్రి పన్నెండింటికి నెక్లెస్ రోడ్డులో మేమూ ఉండాలి, అంతే.

నాన్న స్కూటర్ తాళం తీసుకుని, గేటు కిర్రుమనకుండా కాస్త పైకెత్తి తెరిచి, మలుపు దాకా బండి నెట్టుకెళ్లి స్టార్ట్ చేసేవాణ్ణి. ఒక్క బండి మీద ముగ్గురం. హెల్మెట్ లేదు, లైసెన్స్ లేదు. నాలుగోసారి తిరిగొస్తుంటే మలక్‌పేట దాటాక రోడ్డు పక్క ఇసుకలో బండి జారింది. మధ్యలో కూర్చున్నవాడి మణికట్టు విరిగింది.

ఎదురుగా ఆసుపత్రి బోర్డు వెలుగుతోంది. జేబులో ఫోన్ ఉంది. అయినా రెండు గంటలు ఫుట్‌పాత్ మీదే కూర్చున్నాం. వాడు చేతిని కడుపుకి అదుముకుని వణుకుతున్నాడు. నేను నాన్న నంబరు తీయడం, మళ్లీ ఫోన్ జేబులో పెట్టుకోవడం. పడిపోయిన సంగతి కన్నా ఆ రెండు గంటలే నన్ను ఇప్పటికీ బాధపెడతాయి. చివరికి వాడే ఏడుస్తూ చెయ్యమన్నాడు. నాన్న ఆటోలో వచ్చి, ఒక్క మాటా అనకుండా వాణ్ణి భుజం పట్టుకుని లేపారు.

కాబట్టి పంపండి, బండి మాత్రం ఇవ్వకండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడుపుతూ నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్స్ రాదు. పదహారేళ్లకు ఇచ్చే లైసెన్స్ 50 సీసీ దాటని గేర్లెస్ బండికే. మన ఇళ్లలో ఉండే స్కూటర్లేమో 110, 125 సీసీవి.

మీరుండేది హయత్‌నగర్ అన్నారు కదా, ఎల్బీనగర్ మెట్రో దగ్గర దింపండి. మా రోజుల్లో లేదు గానీ, 2018 నుంచి అక్కణ్ణుంచి నెక్లెస్ రోడ్డు వైపున్న ఖైరతాబాద్‌కి నేరుగా రైలుంది. ఆలస్యమైతే మీరే వెళ్లి తీసుకురండి. కాస్త దూరంగా ఆగితే ఫ్రెండ్స్ ముందు వాడికి నామోషీగా ఉండదు.

వెళ్లేముందు ఒక మాట చెప్పండి: "ఎక్కడున్నా, ఏం జరిగినా ఫోన్ చెయ్యి, ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా అడగను, ఏదైనా తెల్లారాకే మాట్లాడుకుందాం." చెప్పాక దానికి కట్టుబడండి. ఫోన్ ఎత్తగానే ఒక్కసారి అరిచారంటే, ఇంకోసారి ఆ ఫోన్ రాదు.

మావాడి చేతికట్టు విప్పాక ఒకరోజు నాన్నే మా ముగ్గుర్నీ తెల్లవారుజామున నిద్రలేపి, ఆటో మాట్లాడి, మొజంజాహి మార్కెట్ దగ్గర 'రామ్ కీ బండీ' అనే దోసెల బండి దగ్గరికి తీసుకెళ్లారు. మేం వెన్న దోసెలు తింటుంటే, "రాత్రిళ్లు అంతదూరం వెళ్తే మీకు ఏం బాగుంటుందిరా?" అని అడిగారు. తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికే అడుగుతున్నారని అర్థమైంది. అన్నీ చెప్పేశాం, గేటు పైకెత్తి తెరిచే సంగతితో సహా.