మందులు మానేసిన అన్న చెయ్యి చేసుకుంటాడేమోనని భయంగా ఉంది, ముందుగా గుర్తించగలమా?

మీ అన్నగారు స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు కలగడం వంటివి ఉండే మానసిక జబ్బు) మందులు మానేసి ఆరు వారాలైందనీ, వదినగారి మీద అనుమానంతో మాట్లాడుతున్నారనీ, ప్రమాదాన్ని ముందే పసిగట్టగలమా అనీ అడిగారు. నేను వైద్యుణ్ని కాను. పుత్తూరు దగ్గరి మా పల్లెలో అదే జబ్బు ఉన్న మా చిన్నాయనతో పన్నెండేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాను.

తనలో తాను మాట్లాడుకోవడం, కారణం లేకుండా నవ్వడం, స్నానం మానేయడం ఊరివాళ్లను భయపెట్టేవి గానీ, వాటి వల్ల ఎవరికీ ఏ హానీ జరగలేదు. ఈ జబ్బులున్నవారిలో అత్యధికులు ఎవరి జోలికీ పోరు. నిజానికి మా చిన్నాయనే ఊళ్లో రెండుసార్లు దెబ్బలు తిన్నాడు.

"ఎవరో నాకు మందు పెడుతున్నారు" అన్నంతకాలం ఆయన భయంతో మూల కూర్చునేవాడు. ఆ "ఎవరో" కాస్తా మా నాయనగా మారిన తరువాతే పరిస్థితి తిరగబడింది. చిన్నమ్మ చేసిన సంగటి ముట్టకుండా అంగడి బన్నుతో కడుపు నింపుకోవడం, నాలుగు రాత్రులు కన్ను మూయకుండా వాకిట్లో పచార్లు చేయడం, మా నాయన మడి నుంచి ఏ వేళకు వస్తాడని పదేపదే అడగడం, పశువుల కొట్టంలో ఉండవలసిన కొడవలి ఆయన మంచం కింద కనబడటం, ఇవన్నీ ఒక్క వారంలోనే జరిగాయి. నిద్ర పట్టకపోవడం ఉక్క వల్లననీ, కొడవలి గడ్డి కోసమనీ మేమే సర్దిచెప్పుకున్నాం.

ఆ శనివారం ఆయన తాగి వచ్చాడు. "నేనేంది, నీకు మందు పెట్టేదేంది?" అని మా నాయన వాదనకు దిగాడు. అంతవరకు అరుస్తున్న మనిషి హఠాత్తుగా మౌనమై, పిడికిళ్లు బిగించి, రెప్ప వేయకుండా చూశాడు. మరుక్షణంలో మా నాయన భుజం తెగింది. చిన్నమ్మ మమ్మల్నందరినీ బయటికి పంపి, తలుపు తెరిచే ఉంచి, దూరంగా నిలబడి, "నీకు భయంగా ఉంది కదా, ఎవరూ దగ్గరికి రారులే" అని నెమ్మదిగా అంటూ పోయింది. చాలాసేపటికి కొడవలి కింద పెట్టాడు.

మరునాడు తిరుపతి రుయా ఆసుపత్రిలో వైద్యులు మొదట అడిగినవి రెండే: ఇంతకుముందు ఎవరినైనా కొట్టాడా, ఫలానా పని చేయమని చెవిలో గొంతు ఆజ్ఞాపిస్తోందా. రెండవది అడగాలని మాకెప్పుడూ తోచలేదు. మీరు మాత్రం మీ అన్నగారు స్థిమితంగా ఉన్న వేళ చూసి సూటిగానే అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు.

సలహా కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు, ప్రాణాపాయమనిపిస్తే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, 100వ సెక్షన్ ప్రకారం ప్రమాదకర స్థితిలో ఉన్న రోగిని పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు సమీప ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. స్టేషన్‌లో ఈ సెక్షన్ పేరు చెప్పి అడగండి, కేసు పెడతారేమోనని జంకవద్దు.

అనుమానం మీ వదినగారి మీద నిలిచిందని మీరే రాశారు కాబట్టి, ఆయనకు వైద్యం మొదలయ్యేదాకా ఆమెను పుట్టింటికి పంపండి. అదీ ఈ రోజే, ఆయనతో వాదన పెట్టుకోకుండా.