పాత ఇంటికి వేడినీళ్ళ ఏర్పాటు: మూడు గీజర్లా, సోలారా, హీట్ పంపా?

ప్రశ్న: బెంగళూరు బసవనగుడిలో మా మామగారు 1978లో కట్టించిన ఇంటికి మరమ్మతులు చేయిస్తున్నాము. అత్తగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మొత్తం ఐదుగురం. ఇన్నాళ్ళూ స్నానాలగదిలో గ్యాస్ గీజరు వాడాము. కరెంటు నెలకు 140 యూనిట్లు అవుతుంది. కర్ణాటక ప్రభుత్వం ఉచితంగా కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం వల్ల బిల్లు రావడం లేదు. మూడు స్నానాలగదులకు మూడు కరెంటు గీజర్లు పెట్టిస్తే 33,000 రూపాయలు అవుతుందని ప్లంబరు అంటున్నారు. 300 లీటర్ల సోలార్ హీటరుకు ఒక దుకాణంలో 72,000 చెప్పారు. ఇంకొకరు 1,60,000 రూపాయల హీట్ పంపును (చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగి నీటిని కాచే కరెంటు యంత్రం) వడ్డీ లేని వాయిదాలపై ఇస్తామంటున్నారు. చేతిలో 2 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. ఏది మేలు?

జవాబు: ముందు డబ్బుతో సంబంధం లేని మాట ఒకటి చెప్పాలి. ఆ గ్యాస్ గీజరును తలుపు మూసిన గదిలో ఇకమీదట ఒక్క రోజు కూడా వాడకండి. గాలి సరిగా ఆడని చోట గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా లేవు కనుక, స్పృహ తప్పే దాకా మనిషికి ప్రమాదం తెలియదు. పెద్దావిడ ఉన్న ఇల్లు. ఆ గీజరును కొత్త గదిలోకి మార్చుకునే ఆలోచన ఏమైనా ఉంటే వదిలేయండి.

ఇక లెక్క. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 1.16 వాట్-గంటల విద్యుత్తు పడుతుంది (వెయ్యి వాట్-గంటలు ఒక యూనిట్). తలకు రెండు బకెట్ల చొప్పున మీ ఐదుగురికి రోజుకు 200 లీటర్ల గోరువెచ్చని నీళ్ళు కావాలనుకుందాం. తొట్టి నీళ్ళు 22 డిగ్రీల నుంచి 40కి రావాలంటే 4.2 యూనిట్లు, పైపుల్లోనూ గీజరులోనూ చల్లారిపోయే వేడిని కలిపితే 5 యూనిట్లు అవుతాయి. నెలకు 150. ఎండాకాలంలో కొంత తగ్గుతుంది కనుక ఏడాదికి 1,600 యూనిట్లు వేసుకుందాం. పన్నులతో కలిపి యూనిట్‌ను 7 రూపాయలుగా లెక్కిస్తే 11,200 రూపాయలు.

ప్లంబరు చెప్పిన 33,000లో కనిపించని ఖర్చు రెండు చోట్ల ఉంది. గృహజ్యోతి కింద మీ అర్హత యూనిట్లను 2022-23 సగటు వాడకానికి కొద్దిగా కలిపి నిర్ణయించారు. అర్హత దాటినా 200 లోపు ఉంటే దాటినంతకే కడతారు. 200 దాటిన నెలలో బిల్లు మొత్తం మీరే కట్టాలి. 140కి 150 కలిస్తే 290, అంటే ఇప్పుడు సున్నాగా ఉన్న బిల్లు 2,000 పైకి వెళుతుంది. రెండోది, 2 కిలోవాట్ల గీజర్లు మూడు ఒకేసారి నడిస్తే 6 కిలోవాట్లు. పాత ఇంటి మంజూరు లోడు (ఒకేసారి వాడుకోవడానికి విద్యుత్తు సంస్థ అనుమతించిన కిలోవాట్లు) సాధారణంగా అంత ఉండదు. దాన్ని పెంచుకుంటే కిలోవాటుకు నెలకు నూరు రూపాయలకు పైగా స్థిర రుసుము, గీజరు వాడినా వాడకపోయినా, పడుతూనే ఉంటుంది.

మీ ఇంటికి నేను సోలారునే సూచిస్తాను, అయితే 300 లీటర్లది కాదు. సోలారు తొట్టిలో నీళ్ళు 60 డిగ్రీలకు చేరితే వాటిలో చన్నీళ్ళు కలుపుకునే స్నానం చేస్తాము కనుక, 200 లీటర్ల వేడినీళ్ళు 400 లీటర్లకు పైగా గోరువెచ్చని నీళ్ళవుతాయి. ఐదుగురికి అది చాలు. బెంగళూరులో చలి ఎక్కువగా ఉండే డిసెంబరు, జనవరి నెలల్లో చాలా రోజులు ఎండ బాగానే కాస్తుంది. ఇబ్బంది వానాకాలపు మబ్బు రోజులతోనే. వాటి కోసం అత్తగారి స్నానాలగదిలో ఐదు నక్షత్రాల చిన్న గీజరు ఒకటి పెట్టించి, సోలారు నీళ్ళే దానిలోకి వచ్చేలా కలపండి. అప్పుడు తక్కువైన వేడిని మాత్రమే అది భర్తీ చేస్తుంది. సోలారు తొట్టిలోనే కరెంటుతో కాచే కాయిల్ వేయించుకుంటే ఒక్కరి స్నానానికి 200 లీటర్లు కాచాల్సి వస్తుంది.

సోలారు ఏడాది వాడకంలో ముప్పాతిక వంతు తగ్గించిందనుకుంటే 8,400 రూపాయలు మిగులుతాయి. 200 లీటర్లది 55,000కు దొరికితే, 11,000 గీజరుతో కలిపి 66,000; మూడు గీజర్ల కంటే 33,000 అదనం, నాలుగేళ్ళలో తీరుతుంది. గృహజ్యోతిని కలిపి చూస్తే ఇంకా ముందే తీరుతుంది, కానీ పదిహేనేళ్ళు ఉండే వస్తువును ఎప్పుడైనా మారగల పథకాన్ని నమ్ముకుని కొనకూడదని నా అభిప్రాయం. అందుకే పథకం లేకుండానే లెక్క వేశాను.

హీట్ పంపు మంచి యంత్రమే. గీజరు తీసుకునే కరెంటులో మూడో వంతుతో పని చేస్తుంది. అయితే మీకు మిగిలేది ఏడాదికి 7,500, అదనంగా పెట్టేది 1,27,000. పదిహేడేళ్ళు పడుతుంది. రోజంతా వేడినీళ్ళు కావలసిన హాస్టళ్ళకు, హోటళ్ళకు అది సరిపోతుంది. ఇక వడ్డీ లేని వాయిదాల సంగతి: సున్నా శాతం వడ్డీ అనేది అసలు ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. రొక్కంగా ఇస్తే ఎంతకు ఇస్తారని అడగండి, ఆ తేడాయే వడ్డీ.

యంత్రం ఏదైనా మరో పదేళ్ళకు మార్చుకోవచ్చు, గోడలోని పైపును మార్చాలంటే టైల్స్ పగలగొట్టాలి. కాబట్టి గోడలు తెరిచి ఉన్న ఇప్పుడే మిద్దె నుంచి మూడు గదులకూ సీపీవీసీ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్) వేడినీళ్ళ పైపు, దానికి వేడి పోకుండా తొడుగు, ప్రతి గదిలో ఎర్త్‌తో 16 ఆంపియర్ల పాయింటు వేయించండి. తక్కిన రెండు గదుల్లో గీజర్లు కొనకపోయినా పాయింట్లు ఉంచండి. పైపు దారి ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది: పదిహేను మీటర్ల ముప్పావు అంగుళం పైపులో నాలుగైదు లీటర్లు నిలుస్తాయి, వేడినీళ్ళు వచ్చేలోగా అవి బకెట్లోకి పోవలసిందే. 2024 వేసవిలో నీటికి పడ్డ కష్టం మీకు గుర్తుండే ఉంటుంది.

కొనే ముందు మిద్దెపైన చూడవలసినవి ఉన్నాయి. నిండినప్పుడు సోలారు బరువు పావు టన్ను దాటుతుంది కనుక పాత మిద్దెను ఇంజనీరుకు చూపించాలి. చన్నీళ్ళ తొట్టి సోలారు తొట్టి కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే దిమ్మె కట్టించే ఖర్చు కలుస్తుంది. బోరు నీళ్ళు వాడేట్టయితే గార పేరుకుంటుంది. హీట్ ఎక్స్‌ఛేంజరు ఉన్న రకం, అంటే ఎండకు కాగే గొట్టాల్లోకి బోరు నీళ్ళు పోకుండా వేడిని మాత్రమే అందించే రకం అడగండి.

డబ్బు విషయానికి వస్తే, డిపాజిట్‌లో 80,000 మించి తీయకండి. మిగతాది అత్తగారి వైద్యానికి అక్కరకు వచ్చే సొమ్ము. ఒకవేళ ఇంటి మరమ్మతుకు బ్యాంకు రుణం తీసుకుంటూ పాత పన్ను విధానంలో ఉంటే, సొంతంగా నివసించే ఇంటికి ఏడాదికి 30,000 దాకా వడ్డీపై మినహాయింపు వస్తుంది. కొత్త విధానంలో అది లేదు.

ఒక ఆదివారం పొద్దున పదింటి నుంచి మూడింటి దాకా గంటకొకసారి మిద్దె ఎక్కి, పక్కవారి అంతస్తుల నీడ ఎక్కడ పడుతుందో చూడండి. ఆ వేళల్లో నీడ కమ్ముకుంటే సోలారు మానేసి, మూడు గీజర్లకు బదులు రెండే పెట్టించి, ఒకటి ఆపిన తరువాతే రెండోది వేసే పద్ధతిలో లోడు పెంచకుండా నడుపుకోండి.