సాటివాడి బాధ విని నా మనసు తేలికపడింది, ఇది తప్పా?

ప్రశ్న: నా వయసు 72. పాలకొల్లు దగ్గర పల్లెటూరు. టీచరుగా రిటైరయ్యాను. నా భార్య పోయి రెండేళ్లయింది, అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు. కొంతకాలంగా రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నాను. ఒక్కోసారి బాత్రూమ్‌కి వెళ్లేలోపే పంచె తడుస్తోంది. ఆ సిగ్గుతో పెళ్లిళ్లు, బస్సు ప్రయాణాలు మానేశాను. మధ్యాహ్నం దాటితే మంచినీళ్లు కూడా ముట్టను. మొన్న రామాలయం అరుగు మీద ఓ మిత్రుడు తనకీ ఇదే బాధని చెప్పాడు. నేనూ చెప్పేశాను. మనసు ఎంతో తేలికపడింది. కానీ సాటివాడి కష్టం విని హాయిగా ఉండటమేమిటని ఇప్పుడు కుమిలిపోతున్నాను. అసలు సంగతి చెప్పకుండా, మిత్రులతో కష్టసుఖాలు చెప్పుకుంటున్నానంటే మా అబ్బాయి 'చులకనైపోతారు నాన్నా' అన్నాడు.

జవాబు: మాస్టారూ, మీ మిత్రుడికి రేపు మందులతో తగ్గిపోయిందనుకోండి. మీకు కష్టంగా ఉంటుందా? సంతోషిస్తారు, నన్నూ ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమంటారు. అంటే మీకు హాయినిచ్చింది ఆయన బాధ కాదు. ఇది నా ఒక్కడికే వచ్చిందేమోనన్న భయం ఆ రోజు వదిలింది, అంతే. మీరు ఆయనకు చేసిన మేలు కూడా చూడండి. ఆయన చెప్పింది విని మీరు ఊరుకుని ఉంటే, ఎందుకు నోరు జారానా అని ఆ రాత్రంతా ఆయనే నలిగిపోయేవారు.

మన గోదావరి ఊళ్లలో ఆడవాళ్లు కార్తీక స్నానాలకు కాలువ రేవుకి వెళ్తూనే మోకాళ్ల నొప్పులూ, నిద్ర పట్టని రాత్రులూ అన్నీ చెప్పేసుకుంటారు. మగవాళ్ల అరుగు మీద ధాన్యం రేటు, రొయ్యల కౌంటు, రాజకీయాలే. ఒంట్లో ఎలా ఉందంటే 'బానే ఉందండి' అని దాటేస్తారు. ఆ మౌనం వల్లే ఎందరో చికిత్స ఉన్న జబ్బుల్ని ముసలితనం అనుకుని మోస్తున్నారు. మీ అరుగుకి రావడం మానేసిన వాళ్లుంటే ఒకసారి ఇంటికెళ్లి పలకరించండి. చెవులు సరిగా వినబడక, పదిమందిలో కూర్చోలేక ఆగిపోయినవాళ్లు కూడా ఉంటారు.

అయితే మనసు తేలికపడింది కదా అని జబ్బుని వదిలేయకండి. మగవారికి ఈ వయసులో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి ఇలా కావడం మామూలే. షుగర్ వల్లా, కొన్ని రకాల బీపీ మాత్రల వల్లా కూడా రాత్రిళ్లు ఎక్కువసార్లు లేవాల్సి రావచ్చు. ఏది కారణమో యూరాలజిస్టు, అంటే మూత్ర సమస్యల డాక్టరు, తేల్చాలి. చాలామందికి మందులతోనే ఉపశమనం దొరుకుతుంది. మిత్రుడికి పనిచేసిందని ఆయన మాత్ర మీరు వేసుకోవద్దు. పక్కవాళ్ల మాత్రలు మింగడం మన ఊళ్లలో మరీ ఎక్కువ. మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం ఆగిపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నీళ్లు మానేయడం మాత్రం ఈ రోజే ఆపండి. మన డెల్టా ఉక్కపోతలో అలా ఉంటే కళ్లు తిరుగుతాయి, మలబద్ధకం వస్తుంది, మూత్రంలో మంట మొదలవుతుంది. గుండెకో కిడ్నీకో సంబంధించి డాక్టరు పరిమితి పెట్టి ఉంటే తప్ప, పగలంతా తాగి పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గించండి. సాయంత్రం టీ మానేయండి. రాత్రి దారిలో చిన్న లైటు వేసి ఉంచండి. ఈ వయసులో చీకట్లో పడితే తుంటి విరగొచ్చు.

మీ అబ్బాయి మాటలో ప్రేమే ఉంది, కానీ ఆయనకు అసలు సంగతే తెలియదు. ఫోన్‌లో ఉన్నదున్నట్టు చెప్పండి. తర్వాత ఎప్పుడో ఆసుపత్రి నుంచి తెలిస్తే ఆయన మరింత బాధపడతారు.

ఉత్తరంలో మీ భార్య గురించి ఒక్క వాక్యమే రాశారు. ఆవిడ లేని లోటు కూడా ఆ మిత్రుడితో చెప్పుకోవచ్చు. రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకపోయినా, తిండి సహించకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా దాన్ని వయసు మీదకు నెట్టకండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయండి. పెద్దవాళ్ల సహాయం కోసం 14567 ఎల్డర్‌లైన్ కూడా ఉంది.

ఈ వారంలోనే మీరూ మీ మిత్రుడూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇప్పుడు వాడుతున్న మాత్రలన్నీ, పాత షుగర్ రిపోర్టులూ సంచిలో వేసుకోండి. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో రెండు మూడు రోజులు కాగితం మీద రాసి అదీ తీసుకెళ్లండి, డాక్టరు మొదట అడిగేది అదే.