నీటి ఆటల ప్రశ్నోత్తరాలు: పడవ వెనక చెక్క చక్రం, ట్రాక్టర్ ట్యూబు

పడవ వెనక తాడు పట్టుకుని నీటి మీద జారే ఆట పుట్టిందే ఇంట్లో చేసుకున్న చెక్కలతో. 1922 వేసవిలో మిన్నెసోటా రాష్ట్రం లేక్ సిటీలో రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రాడు ముందు పీపా చెక్కలు కాళ్లకు కట్టుకుని చూశాడు. మునిగాడు. తర్వాత 8 అడుగుల పొడవు, 9 అంగుళాల వెడల్పున్న పైన్ పలకలు తెచ్చి, కొసలు వేడినీళ్లలో ఉడికించి పైకి వంచి, లేక్ పెపిన్ మీద నిలబడ్డాడు. సొంత పడవ కొనుక్కున్న అమెరికా పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఇలాంటి సొంత తయారీ గురించే. అందరికీ కలిపి ఒక మాట ముందే చెబుతాం: చెక్క మీద, ట్యూబు మీద ఎంతైనా పొదుపు చేయండి, తాడు మీద మాత్రం చేయకండి.

ప్రశ్న: మాకు లూయిస్‌విల్ చెరువులో 19 అడుగుల పడవ ఉంది. ప్లైవుడ్‌తో గుండ్రటి చక్రం చేసి పిల్లలను దాని మీద లాగాలని ఉంది. కొలతలు, తయారీ చెప్పగలరా?
(డాలస్ పాఠకుడు)

జవాబు: తక్కువ ఖర్చుతో అన్నిటికన్నా ఎక్కువ ఆనందం ఇచ్చేది ఇదే. 8 అడుగులు, 4 అడుగుల ప్లైవుడ్ షీటు ఒకటి తెస్తే 40 అంగుళాల చక్రాలు రెండు వస్తాయి. మందం ముప్పావు అంగుళం ఉండాలి. అర అంగుళంది అయితే అల మీద పడ్డప్పుడు నడుమ ఊగుతుంది, పొరలు విడిపోతాయి. మెరైన్ ప్లై దొరికితే మేలు. అందులో లోపలి పొరల్లో ఖాళీలు ఉండవు. లేకపోతే ఎక్స్‌టీరియర్ గ్రేడ్, అంటే ఆరుబయట వాడే రకం చాలు. ఇంటి లోపలి సామానుకు వాడే రకం వద్దు. దాని జిగురు నీటికి ఆగదు.

సన్నటి బద్ద ఒకటి తీసుకుని, ఒక చివర చిన్న మేకు, దానికి సరిగ్గా 20 అంగుళాల దూరంలో పెన్సిలు పట్టే బెజ్జం పెట్టండి. మేకును షీటు మీద గుచ్చి బద్దను తిప్పితే గీత పడుతుంది. దారంతో గీస్తే అది సాగి, వృత్తం వంకర పోతుంది. సన్న పళ్ల బ్లేడు వేసిన జిగ్‌సాతో (వంపులు కోసే కరెంటు రంపంతో) గీతకు బయటి వైపు కోసి, మిగిలినది గరుకు కాగితంతో గీత దాకా తీసుకురండి. తర్వాత అంచును రెండు వైపులా గుండ్రంగా చేయాలి. పైవైపు కాస్త చాలు, అడుగువైపు ఎక్కువ. అడుగు అంచు పదునుగా ఉంటే అలను కోసుకుంటూ లోపలికి దూరుతుంది, గుండ్రంగా ఉంటే అల మీదికి ఎక్కుతుంది. చక్రం నీటి మీద తిరుగుతూ ఉంటుంది కనుక ముందు, వెనక అన్న తేడా లేకుండా చుట్టూ ఇలాగే చేయాలి.

అసలు పని అంచులోనే ఉంది. పక్కనుంచి చూస్తే పొరల మధ్య చిన్న చిన్న బొరియలు కనిపిస్తాయి. మేకు దిగిన బెజ్జంతో సహా అన్నింటినీ ఎపాక్సీ లప్పంతో నింపండి. ఆరాక రెండు భాగాలుగా కలుపుకునే ఎపాక్సీని ముఖాలకు రెండు పూతలు, అంచుకు మూడు పూతలు వేయండి. అంచులో చెక్క నారలు తెరుచుకుని ఉంటాయి, మొదటి పూతను అవి తాగేస్తాయి. ఎపాక్సీ ఆరాక పైన మైనం లాంటి జిడ్డు తేలుతుంది. దాన్ని సబ్బు నీళ్లతో కడిగి, 120 నంబరు కాగితంతో, తర్వాత 220తో రుద్ది, అప్పుడు రంగు వేయండి. ఆ జిడ్డు ఉండగా వేస్తే రంగు పెచ్చులుగా లేస్తుంది. రంగు అందం కోసం కాదు. ఎండ తగిలితే ఎపాక్సీ పాడవుతుంది, పైన కప్పు ఉండాల్సిందే. నారింజ, పసుపు రంగులైతే నీటిలో వదిలిన చక్రం దూరం నుంచి వేరే పడవలవాళ్లకు కూడా కనిపిస్తుంది.

పైన పట్టు కోసం కొందరు రంగులో ఇసుక కలుపుతారు. మోకాళ్లు చీరుకుపోతాయి, వద్దు. పాత యోగా చాపను నడుమ 30 అంగుళాల మేర కాంటాక్ట్ సిమెంట్‌తో అతికించండి. మన దగ్గర చెప్పులు అతికే రబ్బరు జిగురు లాంటిదే అది.

ఒకటి గుర్తుంచుకోండి. ఈ చక్రం బరువు దాదాపు 19 పౌండ్లు, నీటిలో అదనంగా మోయగలిగేది మరో 15 పౌండ్లు మాత్రమే. అంటే ఆగి ఉన్నప్పుడు మనిషిని తేల్చదు, వేగమే తేలుస్తుంది. ఎక్కేవాళ్లు దాని మీద బోర్లా పడుకుని, ముందు అంచు నీటికి పైన ఉండేలా ఎత్తి, తాడు కొసనున్న హ్యాండిల్‌ను ఆ అంచు మీద ఆనించి పట్టుకోవాలి. తాడు బిగిసే దాకా పడవ నిదానంగా పోవాలి. గంటకు 8, 10 మైళ్లకు చక్రం నీటి పైకి లేస్తుంది. అప్పుడు మోకాళ్ల మీదికి రావాలి, కుదురుకున్నాకే నిలబడాలి. తాడును చక్రానికి ఎప్పుడూ కట్టకూడదు. మనిషి పడిపోగానే చక్రం ఉన్నచోటే ఆగిపోవాలి. కట్టి ఉంటే 19 పౌండ్ల చెక్క ఎగురుకుంటూ పడవ వెంట వస్తుంది.

ప్రశ్న: ఇలాంటి చక్రం పోయిన ఏడాదే చేశాం. ఇప్పుడు ఎక్కీ ఎక్కగానే చక్రం ముక్కు, అంటే ముందు అంచు, నీటి కిందికి దూరి మనిషి ముందుకు పడిపోతున్నాడు. ఒక పక్క పొరలు కూడా ఉబ్బాయి.
(అట్లాంటా పాఠకురాలు)

జవాబు: రెండింటికీ కారణం ఒకటే కావచ్చు. నీరు తాగిన చెక్క బరువెక్కుతుంది, తేలే గుణం తగ్గుతుంది, అంచు ఉబ్బి గుండ్రటి వంపు పోతుంది. చక్రాన్ని వారం రోజులు నీడలో నిలువుగా ఆరబెట్టి తూచి చూడండి. ఉబ్బిన చోట కత్తి మొన దిగితే ఆ భాగం కుళ్లినట్టే, ఇక ఆ చక్రం పనికిరాదు. గట్టిగానే ఉంటే పొరల మధ్య ఎపాక్సీ పోసి, రెండు పలకల నడుమ క్లాంపులతో ఒక రోజంతా బిగించి ఉంచి, అంచును మళ్లీ మొదటి నుంచి పూయండి. ఆ తర్వాత కూడా ముక్కు దూరుతుంటే మనిషి ముందుకు జరిగి కూర్చుంటున్నట్టు. బరువు నడిబొడ్డుకు ఒక జానెడు వెనక ఉండాలి.

ప్రశ్న: పొలాల ట్రాక్టరు వెనక చక్రం ట్యూబు ఒకటి దొరికింది. చుట్టూ తాడు చుట్టి లాగితే సరిపోదా?
(ఆస్టిన్ పాఠకుడు)

జవాబు: సరిపోదు. అలా చుట్టిన తాడు లాగేకొద్దీ ఉచ్చులా బిగుస్తుంది. ట్యూబును నడుమ నొక్కి ఎనిమిది అంకెలా చేస్తుంది, రబ్బరును కోస్తుంది. అంతకన్నా ప్రమాదం, ఆ ఉచ్చులో వేళ్లు ఇరుక్కుంటాయి. లాగే బలం రబ్బరు మీద గానీ మనిషి మీద గానీ పడకూడదు. అది గుడ్డ తొడుగు మీద, దానికి కుట్టిన పట్టీ మీద పడాలి.

తొడుగుకు లారీల మీద కప్పే పీవీసీ టార్పాలిన్ రకం చక్కగా పనికొస్తుంది. ట్యూబులో కొద్దిగా గాలి నింపి, గుడ్డ మీద పెట్టి, బయటి గీతకు రెండు అంగుళాలు కలిపి రెండు గుండ్రాలు కత్తిరించండి. ఒకటి అడుగుకు, ఒకటి పైకి. పైదాని నడుమ మనిషి కూర్చునేటంత పల్లం రావాలి. అడుగుది మాత్రం రంధ్రం లేకుండా ఉండాలి. ట్యూబు నడుమ తెరిచి ఉంటే నడుము, కాళ్లు నీటిలో వేలాడి లాగుడు పెరుగుతుంది, ముక్కు మునుగుతుంది. గట్టిదనం కోసం అడుగున చెక్క పెట్టాలని అనిపిస్తుంది. పెట్టకండి. ట్యూబు ఎగిరి పడ్డప్పుడు వెన్నుకు తగిలేది అదే.

అతుకు మీదుగా, చుట్టూ పూర్తిగా, 2 అంగుళాల పాలిస్టర్ పట్టీ కుట్టాలి. కారు సీటు బెల్టు రకం. ఆ పట్టీ రెండు కొసలు ముందువైపు కలిసి తాడు తగిలించే కన్నుగా, అంటే ఉంగరం లాంటి మడతగా మారాలి. కలిసే చోట కనీసం 6 అంగుళాలు ఒకదాని మీద ఒకటి వేసి, చతురస్రం కుట్టి దానిలో అడ్డంగా గుణకారపు గుర్తు కుట్టండి. దారం పాలిస్టర్ లేదా నైలాన్ అయి ఉండాలి. నూలు దారం ఒక వేసవికే పుచ్చిపోతుంది. కుట్టు పొడవు 4 మిల్లీమీటర్లు. మరీ దగ్గరగా కుడితే సూది బెజ్జాల వరస వెంటే గుడ్డ చిరుగుతుంది. తాడు తగిలే కన్ను ట్యూబు ఎత్తులో కింది మూడో వంతులో ఉండాలి. పైన పెడితే తాడు ముక్కును నీటిలోకి నొక్కుతుంది. వెనకవైపు అడుగున ఒక చేతి వెడల్పు గట్టి వల గుడ్డ పెట్టండి, లోపలికి చేరిన నీరు అక్కడి నుంచి పోతుంది.

చేతి పట్టులు నాలుగు వేళ్లు మాత్రమే పట్టేలా కుట్టండి. మణికట్టు దూరేటంత వదులు ఉంటే, మనిషి పడ్డప్పుడు చెయ్యి మెలిపడి ఎముక విరుగుతుంది. ట్రాక్టర్ ట్యూబు వాల్వు పొడవాటి లోహం కనుక దాన్ని అడుగువైపు వచ్చేలా తిప్పి, మందపాటి ఫోము కప్పి, తొడుగు లోపలే ఉంచాలి.

గాలి సంగతి. టైరు లోపల లేని ట్యూబును ఆపేది ఏదీ ఉండదు కనుక బలహీనంగా ఉన్న చోటే ఉబ్బుతుంది. ఒక పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు ఒత్తిడి) మించకూడదు. అంత తక్కువ ఒత్తిడిని సైకిలు పంపు గేజీ సరిగా చూపదు. బొటనవేలితో గట్టిగా నొక్కితే అంగుళం దాకా దిగాలి, అదే కొలత. ఇంటి దగ్గర నింపి కారు మీద వేసుకుని వెళ్లకండి. 30 డిగ్రీల వేడిలో నింపిన గాలి ఎండలో 50 డిగ్రీలకు చేరితే ఒత్తిడి దాదాపు రెట్టింపు కాగలదు. నీటి ఒడ్డున నింపండి, ఆట ఆపి ఒడ్డున పెట్టేటప్పుడు కొంత వదలండి.

ప్రశ్న: ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు కట్టి లాగవచ్చా?
(హ్యూస్టన్ పాఠకుడు)

జవాబు: వద్దు. డ్రమ్ము గుండ్రంగా ఉంటుంది, లాగితే దొర్లుతుంది. గట్టిగా ఉంటుంది కాబట్టి పడ్డవాళ్ల తలకు తగులుతుంది.

ప్రశ్న: హార్డ్‌వేర్ దుకాణంలో అర అంగుళం నైలాన్ తాడు చవగ్గా ఉంది. గట్టిదే కదా, వాడవచ్చా?
(షికాగో పాఠకురాలు)

జవాబు: గట్టిదే, అయినా దీనికి తప్పు తాడు. నైలాన్ రబ్బరులా సాగుతుంది. కొక్కెం ఊడినా, పట్టీ తెగినా, సాగిన తాడు లోహంతో సహా పడవలోకి దూసుకొస్తుంది. పైగా నీటిలో మునుగుతుంది, మనిషి పడ్డాక పడవ తిప్పేటప్పుడు నీటిలో తిరిగే ఇంజను పంకాకు చుట్టుకుంటుంది. తేలే గుణం ఉండి తక్కువ సాగే పాలీప్రొపిలీన్ అల్లిక తాడు తీసుకోండి.

ఎంత బలం ఉండాలన్నదానికి వాటర్ స్పోర్ట్స్ ఇండస్ట్రీ అసోసియేషన్ అనే అమెరికా సంఘం లెక్క ఉంది. ట్యూబు మీద ఒకరుంటే 170 పౌండ్ల దాకా బరువుకు తాడు 1,500 పౌండ్లకు తెగకుండా ఉండాలి. ఇద్దరికి 340 పౌండ్ల బరువు, 2,375 పౌండ్ల తాడు. ముగ్గురికి 510, 3,350. పొడవు 50 అడుగులకు తగ్గకూడదు, 65కి మించకూడదు. తగ్గితే పడవ లేపిన నురగలో, ఇంజను పొగలో ఉండిపోతారు. మించితే మలుపులో ట్యూబు ఎక్కడికి పోతుందో అదుపు ఉండదు. చెక్క చక్రానికి మాత్రం హ్యాండిల్ ఉన్న 75 అడుగుల స్కీ తాడు వాడతారు.

ముడి వేస్తే తాడు బలం సగం దాకా పోవచ్చు. అందుకే కొసన కన్ను చేయడానికి ముడి వద్దు. లోపల బోలుగా ఉండే అల్లిక తాడు అయితే, కొసను తాడులో మూడుసార్లు అడ్డంగా దూర్చి, తర్వాత మిగిలిన అడుగు పొడవును బోలులోకి నెట్టండి. లాగేకొద్దీ బయటి అల్లిక సన్నబడి లోపలి కొసను పట్టేస్తుంది.

హ్యాండిల్ కొనడానికి మనసొప్పకపోతే, 12 అంగుళాల మందపాటి పీవీసీ గొట్టం గుండా తాడును పూర్తిగా ఇటు నుంచి అటు పోనిచ్చి త్రికోణంగా కలపండి. గొట్టం విరిగినా తాడు చేతిలో ఉంటుంది. చీపురు కర్రకు రెండు పక్కలా తాడు కట్టే పద్ధతి వద్దు, కర్ర విరిగితే పేడు చేతిలో దిగుతుంది.

పడవ వైపు కూడా చూసుకోండి. వేక్‌బోర్డు (ఒకే పలక మీద నిలబడి ఆడే ఆట) కోసం పైన ఉండే టవరుకు ట్యూబు కట్టకూడదు. ట్యూబు లాగుడుకు అది వంగుతుంది. వెనక గోడకున్న రెండు కొక్కేలకు వై ఆకారంలో తాడు కట్టి, నడుమ నుంచి లాగాలి. ఎండకు పాలీప్రొపిలీన్ పెళుసుబారుతుంది. నారలు లేచి, రంగు వెలసి, వంచితే గట్టిగా అనిపిస్తే ఆ తాడు పారేయండి.

ప్రశ్న: ఎంత వేగం? మలుపుల్లో పిల్లలు ఎగిరిపడుతున్నారు.
(డాలస్ నుంచే మరో పాఠకుడు)

జవాబు: ట్యూబు మీద పిల్లలుంటే 15 మైళ్లు, పెద్దవాళ్లుంటే 20 మించకండి. అయితే మీటరు చూపేది పడవ వేగమే. పడవ 60 అడుగుల వ్యాసార్థంతో తిరుగుతుంటే, బయటికి విసిరేసిన ట్యూబు ఆ క్షణంలో 100 అడుగుల వ్యాసార్థం మీద ఉండవచ్చు. పడవ 15 మైళ్లలో ఉంటే ట్యూబు 25 మైళ్లలో పోతున్నట్టే. మలుపు మొదలవకముందే వేగం తగ్గించాలి, మలుపు మధ్యలో కాదు. ఒడ్డు, స్తంభాలు, వేరే పడవలు ట్యూబు విసిరే వైపు ఉండకూడదు.

మీ టెక్సాస్‌లో లాగే పడవలో నడిపేవారు కాక 13 ఏళ్లు దాటిన మరొకరు వెనక్కి చూస్తూ ఉండాలి, లేదా వెనక చూపే అద్దం ఉండాలి. అద్దం ఉన్నా మనిషిని పెట్టండి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వ పరిధిలోని జలాల్లో 26 అడుగుల లోపు పడవల్లో, వేగం అందుకున్నాక ఇంజను ఆపే స్విచ్చు తాడు నడిపేవారికి తగిలించి ఉండాలన్న నియమం ఉంది. గాలి నింపుకునే రకం లైఫ్ జాకెట్ ఈ ఆటకు పనికిరాదు, ఫోము జాకెట్టే వేయండి.

ప్రశ్న: మా కాలువలో ఇంజను నావ ఉంది. ట్రాక్టర్ ట్యూబు కట్టి పిల్లలను లాగవచ్చా?
(అమలాపురం పాఠకుడు)

జవాబు: కాలువలో వద్దు. పైన చెప్పిన లెక్కే చూడండి: 50 అడుగుల తాడు ఉంటే, మలుపులో ట్యూబు రెండు పక్కలకూ అంత దూరం పోగలదు. రేవు మెట్లు, వంతెన కాళ్లు, లాకు తలుపులు ఉన్నచోట అంత ఖాళీ ఉండదు. పొడవాటి కడ్డీ చివర పంకా ఉన్న నావలకు కవచం కూడా ఉండదు, పడిన పిల్లవాడి దగ్గరికి దాన్ని తిప్పుకుని రావడమే ప్రమాదం. గోదావరి పాయల్లో ప్రవాహం తోడవుతుంది, అక్కడ అసలే వద్దు.

పిల్లల సరదాకు నిలకడ నీరున్న చెరువు చూడండి. పెద్దవాళ్లకు నడుము లోతు దాటని చోట 4, 5 అరటి బోదెలు పక్కపక్కన పెట్టి, రెండు చోట్ల వెదురు కర్ర అడ్డంగా గుచ్చి కట్టండి. పిల్లలకు లైఫ్ జాకెట్ వేసి, ఇద్దరు పెద్దవాళ్లు నీటిలో నిలబడి చేతితోనే లాగండి. బోదెలు మూడు నాలుగు రోజుల్లో మెత్తబడతాయి, అప్పుడు గుచ్చిన కర్రలు జారిపోతాయి. కాబట్టి ప్రతిసారీ ఎక్కించే ముందు కర్రలు లాగి చూడండి.