ఒడిశాలో రాయగడ–కోరాపుట్ ఘాటీ రూట్‌లో సైకిల్ తొక్కుతాను, పవర్ మీటర్ పెడల్స్ (కాళ్లు ఎన్ని వాట్ల బలంతో తొక్కుతున్నాయో కొలిచేవి) ఒకవైపుది చాలా, రెండువైపులదా?

ముందు మీ షూ కింద ఏ క్లీట్ (షూని పెడల్‌కి బిగించే ముక్క) ఉందో చూడండి, సగం అక్కడే తేలిపోద్ది. లుక్ కియో రకం అయితే ఫావెరో అసియోమా పెడల్స్, షిమానో ఎస్‌పీడీ-ఎస్‌ఎల్ అయితే గార్మిన్ ర్యాలీ ఆర్‌ఎస్, దిగి నడిచే పనుంటే ఎస్‌పీడీ రకం (ర్యాలీ ఎక్స్‌సీ, అసియోమా ప్రో ఎమ్‌ఎక్స్).

ఒకవైపుది ఎడమకాలి లెక్కని రెట్టింపు చేస్తాది, అంటే ఎడమ 100 వాట్లు, కుడి 110 తొక్కితే 210కి బదులు 200 అంటాది, రోజూ అదే తేడా ఉంటే ట్రైనింగ్‌కి పర్లేదు గానీ అలిసిపోయాక కాళ్ల బ్యాలెన్స్ మారుద్ది, ఘాటీ ఎక్కేటప్పుడు మరీను, అందుకే డబ్బులుంటే రెండువైపులదే నా ఓటు. అసియోమాకి చార్జింగ్, ర్యాలీ 200కి ఎల్‌ఆర్44 బటన్ సెల్స్, అవి వాచీ షాపుల్లోనూ దొరుకుతాయి. చలికీ ఎండకీ రీడింగ్ అటూ ఇటూ జరుగుద్ది, రైడ్‌కి ముందు జీరో ఆఫ్‌సెట్ (బరువు లేనప్పుడు రీడింగ్‌ని సున్నాకి సెట్ చేయడం) కొట్టండి.