యూత్ లీడర్‌వి అయ్యావు కదా, గిద్యోను కథ చివరిదాకా చదువు నాన్నా

నాన్నా, ప్రభువు నిన్ను దీవించును గాక.

సంఘంలో నిన్ను యూత్ లీడర్‌గా పెట్టారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. నువ్వేమో నాకంటే బాగా మాట్లాడేవాళ్లున్నారు, పాడేవాళ్లున్నారు, నన్నెందుకు పెట్టారో అని టెన్షన్ పడుతూ అన్నం కూడా సరిగ్గా తినడం లేదట. సండే స్కూల్లోనూ స్త్రీల సమాజంలోనూ ఇన్నేళ్లు పనిచేసినదాన్ని, ఎంతోమంది లీడర్లు రావడం, పోవడం చూసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా, కాస్త పొడవైనా ఓపిగ్గా చదువు. నీకు ధైర్యం చెప్పడానికి అందరూ గిద్యోను కథే చెబుతారు. నేనూ అదే చెబుతాను. కాకపోతే వాళ్లు 300 మంది గెలిచిన దగ్గర ఆపేస్తారు, నేను బైబిల్లో న్యాయాధిపతులు 8వ అధ్యాయం చివరిదాకా తీసుకెళ్తాను, ఎందుకంటే నీకు అసలు జాగ్రత్త కావలసింది అక్కడ.

ముందు నీ భయం సంగతి చూద్దాం. మిద్యానీయులు ఏడేళ్లపాటు ఇశ్రాయేలీయులను పీల్చి పిప్పి చేశారు. పంట చేతికొచ్చే వేళకి ఒంటెలతో, పశువులతో, గుడారాలతో దిగిపోయి ఒక గొర్రెను గానీ ఎద్దును గానీ మిగల్చకుండా పోయేవాళ్లు. జనం కొండల్లో, గుహల్లో దాక్కున్నారు. గోధుమలు దుళ్లగొట్టాలంటే గాలాడే కళ్లంలో దుళ్లగొట్టాలి, గిద్యోను మాత్రం ఎవరి కంటా పడకుండా ద్రాక్షగానుగ చాటున ఆ పని చేసుకుంటున్నాడు. అలాంటివాణ్ణి పట్టుకుని దేవదూత "పరాక్రమముగల బలాఢ్యుడా" అన్నాడు. అతనేమన్నాడో చూడు. దేవుడు మాతో ఉంటే మాకీ గతి ఎందుకు పట్టింది, మా పెద్దలు చెప్పిన అద్భుతాలన్నీ ఏమైపోయాయి అని అడిగాడు. మనష్షే గోత్రంలో మా కుటుంబానికి లెక్కే లేదు, మా ఇంట్లో అందరికంటే చిన్నవాణ్ణి నేను అన్నాడు. గుర్తు కావాలన్నాడు. ఆ తర్వాత కళ్లంలో గొర్రెబొచ్చు పరిచి, బొచ్చు తడవాలి, నేల పొడిగా ఉండాలి అన్నాడు, అది జరిగాక కూడా నా మీద కోప్పడొద్దని బతిమాలుకుని ఈసారి నేల తడవాలి, బొచ్చు పొడిగా ఉండాలి అన్నాడు. దేవుడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పైగా యుద్ధం రాత్రి తానే పిలిచి, వెళ్లడానికి నీకు భయమైతే నీ పనివాడు పూరాను వెంటబెట్టుకుని దండులోకి దిగి వాళ్లేం మాట్లాడుకుంటున్నారో విను అని పంపాడు. అక్కడ ఒక శత్రువు, యవల రొట్టె ఒకటి దొర్లుకుంటూ వచ్చి గుడారాన్ని పడగొట్టినట్టు కల వచ్చిందని తోటివాడికి చెబుతున్నాడు. అది గిద్యోను కత్తే అన్నాడు ఆ తోటివాడు. అది విని గిద్యోను అక్కడికక్కడే దేవుడికి నమస్కారం చేశాడు.

దీన్ని పట్టుకుని ప్రతి చిన్న విషయానికీ గొర్రెబొచ్చు పరచమని నేను చెప్పను. చెయ్యాల్సింది దేవుడు ముందే స్పష్టంగా చెప్పేశాడు, అయినా అతను అడిగాడు, దేవుడు అతని బలహీనతను ఓర్చుకున్నాడు. నువ్వు నేర్చుకోవాల్సింది ఏంటంటే, అతను భయాన్ని దాచుకోకుండా దేవుడి దగ్గరికే మోసుకెళ్లాడు. నువ్వూ అలాగే మోకాళ్లమీద చెప్పుకో. పాస్టరుగారితో కూడా నాకు భయంగా ఉందండీ అని చెప్పు, ఆయనేమీ నిన్ను తక్కువగా చూడరు.

ఇంకోటి. మిద్యాను మీదికి పంపకముందు దేవుడు గిద్యోనుకు ఇచ్చిన మొదటి పని ఇంట్లోనే. వాళ్ల నాన్న యోవాషుకున్న, బయలు అనే అన్యదేవత బలిపీఠాన్ని పడగొట్టి, పక్కనున్న దేవతాస్తంభాన్ని నరికేయమన్నాడు. పదిమంది పనివాళ్లను తీసుకుని రాత్రిపూట చేశాడు, ఇంటివాళ్లకీ ఊరివాళ్లకీ భయపడి పగలు చేయలేకపోయాడని వాక్యంలోనే ఉంది. రాత్రి చేసినా చేశాడు కదా. తెల్లారేసరికి ఊరంతా చంపుతామని వస్తే, ఆ బలిపీఠం పెట్టుకున్న తండ్రే కొడుకు పక్షాన నిలబడి, బయలు దేవుడైతే తన సంగతి తానే చూసుకుంటాడు అన్నాడు. నాన్నా, మీ అన్నయ్యకీ నీకూ కొన్నాళ్లుగా మాటల్లేవని నాకు తెలుసు. తప్పెవరిదని నేను అడగను. యూత్ మీటింగ్‌లో నిలబడి సమాధానం గురించి వాక్యం చెప్పకముందు వాడితో మాట్లాడు. అందరిముందూ అక్కర్లేదు, రాత్రి ఒక్కడివే వెళ్లి మాట్లాడినా చాలు.

మనుషులు తక్కువగా వస్తున్నారని బాధపడకు. హరోదు బావి దగ్గర (ఇప్పటికీ ఇశ్రాయేలులో గిల్బోవ కొండ అడుగున ఆ ఊటను చూపిస్తారు) 32,000 మంది చేరితే, భయపడేవాళ్లు ఇంటికి వెళ్లొచ్చు అనగానే 22,000 మంది లేచి వెళ్లిపోయారు. అవతల శత్రువులు 1,35,000 మంది. మిగిలిన పదివేలు కూడా ఎక్కువే అన్నాడు దేవుడు, నీళ్లు ఎలా తాగుతారో పరీక్ష పెట్టి 300 మందిని ఉంచుకున్నాడు. చేతితో నీళ్లు తీసుకుని గతికినవాళ్లు అప్రమత్తంగా ఉన్నవాళ్లు కాబట్టి ఎన్నికయ్యారని ప్రసంగాల్లో చెబుతుంటారు, వాక్యంలో అలా లేదు. మా బలంతోనే గెలిచాం అని ఇశ్రాయేలు అతిశయించకూడదు కాబట్టి తగ్గిస్తున్నానని దేవుడు చెప్పిన కారణం ఒక్కటే ఉంది. అయితే చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఇంటికి వెళ్లిపోయినవాళ్ల మీద గిద్యోను ఒక్క మాట అనలేదు. 300 మంది బూరలూదుతూ కుండలు పగలగొట్టి దివిటీలు పైకెత్తాక శత్రువులు పారిపోతుంటే తరమడానికి పిలిచింది ఎవరిని? నఫ్తాలి, ఆషేరు, మనష్షే వాళ్లని. మొదట పిలిచిన గోత్రాల్లో అవీ ఉన్నాయి. వెనక్కి పోయినవాళ్లకి మళ్లీ చోటు దొరికింది. కాబట్టి మూడు వారాలు రాలేదని ఎవర్నీ వాట్సాప్ గ్రూపులోంచి తీసెయ్యకు. పరీక్షలు ఉంటాయి, ఉద్యోగాలు ఉంటాయి, కొందరికి ఇంట్లో ఇబ్బందులు ఉంటాయి, బయటికి చెప్పుకోలేరు. ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడుగు, ఎందుకు రాలేదని అడగకు.

ఇక గెలిచాక ఏం జరిగిందో చూడు. ఎఫ్రాయిము గోత్రంవాళ్లు వచ్చి గొడవపెట్టుకున్నారు, యుద్ధానికి మమ్మల్ని ముందే ఎందుకు పిలవలేదని. నీకూ ఇది తప్పదు. క్రిస్మస్ ప్రోగ్రాం అయిన మర్నాడు, మా అమ్మాయికి పాట ఎందుకివ్వలేదనో, స్టేజీ గురించి మమ్మల్ని అడగలేదనో ఎవరో ఒకరు వస్తారు. గిద్యోను ఎంత బాగా జవాబిచ్చాడో చదువు. మిద్యాను అధిపతులు ఓరేబునూ జెయేబునూ పట్టుకున్నది మీరు కదా, మీరు చేసిన దాని ముందు నేను చేసిందెంత, మా కోతకంటే మీ పరిగె మంచిది కాదా అన్నాడు. వాళ్ల కోపం తగ్గింది. అక్కడ తన గొప్ప నిలబెట్టుకోవాలనుకుని ఉంటే అన్నదమ్ముల మధ్యే కత్తులు లేచేవి. తర్వాతి కాలంలో యెఫ్తా అనే న్యాయాధిపతి దగ్గర అదే ఎఫ్రాయిము అదే మాట అంటే అతను తగ్గలేదు, యొర్దాను రేవుల దగ్గర 42,000 మంది ఎఫ్రాయిమీయులు చచ్చిపోయారు. ఒక మెత్తని మాట ఎంతమంది ప్రాణం కాపాడుతుందో దీన్నిబట్టి చూసుకో.

అదే మనిషి కొద్ది రోజులకే ఎలా మారాడో కూడా చూడు, నాకు ఇది చదివినప్పుడల్లా బాధేస్తుంది. యొర్దాను దాటి, 300 మందీ అలసిపోయి, ఆకలితో తరుముతున్నారు. సుక్కోతు ఊరివాళ్లను రొట్టెలడిగితే, మిద్యాను రాజులు జెబహు, సల్మున్నా ఇంకా నీ చేతికి చిక్కలేదుగా, మేమెందుకివ్వాలి అన్నారు. పెనూయేలువాళ్లూ అదే మాట. వాళ్లు చేసింది తప్పే, నేను కాదనను. కానీ గిద్యోను తిరిగొచ్చి ఏం చేశాడంటే, ఒక కుర్రాణ్ణి పట్టుకుని సుక్కోతు పెద్దలు 77 మంది పేర్లు రాయించుకుని, ముళ్లతో వాళ్లకు బుద్ధి చెప్పాడు, పెనూయేలు గోపురం పడగొట్టి ఊళ్లోవాళ్లను చంపాడు. ఎఫ్రాయిము దగ్గర ఉన్న నెమ్మది ఇక్కడ లేదు. ఒంటి అలసట, పైగా అవమానం. నీకు కూడా చందాకి వెళ్తే తలుపు తీయనివాళ్లు ఉంటారు, సాయం అడిగితే ఎగతాళి చేసేవాళ్లు ఉంటారు, వాళ్ల పేర్లు మనసులో రాసిపెట్టుకునే అలవాటు మొదలైందంటే మాత్రం ఆ రోజు పని ఆపేసి ముందు ఇంటికెళ్లి పడుకో. నిద్రలేకుండా, తిండిలేకుండా ఎవరికీ మెసేజ్ పెట్టకు, ముఖ్యంగా గ్రూపులో.

ఇంకా బాధపెట్టేది బంగారం సంగతి. జనం వచ్చి నువ్వు, నీ కొడుకు, నీ మనవడు మమ్మల్ని ఏలండి అన్నారు. గిద్యోను, నేను ఏలను, నా కొడుకూ ఏలడు, యెహోవాయే మిమ్మల్ని ఏలుతాడు అన్నాడు. ఎంత మంచి మాట! ఆ వెంటనే, ఒక్క మనవి, మీకు దోపుడులో దొరికిన పోగులు నాకివ్వండి అన్నాడు. వాళ్లు సంతోషంగా బట్ట పరిచి వేశారు. 1,700 తులాల బంగారం, అంటే ఇంచుమించు 19 కిలోలు. దానితో ఏఫోదు చేయించి తన సొంత ఊరు ఒఫ్రాలో పెట్టుకున్నాడు. ఏఫోదు యాజకుడు వేసుకునేది, దేవుని మందిరం ఉన్నది షిలోహులో. ఇశ్రాయేలంతా ఒఫ్రాకు వచ్చి దాన్నే దేవుడిలా కొలిచారు, అది గిద్యోనుకూ అతని ఇంటికీ ఉరి అయిందని రాసి ఉంది. బహుశా మంచి ఉద్దేశంతోనే చేశాడేమో. కానీ ఒకటి చూడు. భయంతో వణికిన రోజుల్లో ఒక్కో అడుగుకీ దేవుణ్ణి అడిగినవాడు, ఈ ఏఫోదు చేయించే ముందు అడిగినట్టు ఒక్క మాట కూడా కనిపించదు. ప్రార్థనకి కూర్చున్నట్టు లేదు, గుర్తు అడిగినట్టు లేదు. అందరూ పొగుడుతున్నారు, చేతిలో బంగారం ఉంది, ఇంకా అడగాల్సిన అవసరం అనిపించలేదేమో.

నీ భయం గురించి నాకు దిగులు లేనిది అందుకే. నీకు భయం ఉన్నన్నాళ్లూ నువ్వు ప్రార్థన చేస్తావు. ఓ రెండేళ్లు పోయాక కూటానికి జనం బాగా వస్తుంటారు, తమ్ముడు వచ్చాక యూత్ మారిపోయింది అని స్టేజీ మీద సాక్ష్యాలు చెబుతారు, పక్క ఊళ్ల సంఘాలు మాట్లాడమని పిలుస్తాయి. ఆ రోజు కోసం ఇప్పుడే కొన్ని ఏర్పాట్లు చేసుకో. డబ్బు ఎప్పుడూ నీ దగ్గర, నీ సొంత ఫోన్‌పేలో ఉంచుకోకు, ఇద్దరి సంతకాలతో సంఘం ఖాతాలోనే ఉండాలి, ప్రతి నెలా లెక్క పాస్టరుగారికీ పెద్దలకీ చూపించు, అడగకపోయినా చూపించు. కేరల్స్‌లో వచ్చిన కానుకలు ఆ రాత్రే ఇద్దరు ముగ్గురు కలిసి లెక్కపెట్టి రాసేయండి, తెల్లారేదాకా ఆగొద్దు. ఫ్లెక్సీ మీద నీ ఫొటో వేస్తామంటే వద్దని చెప్పు. నిన్ను ప్రశ్న అడిగే ధైర్యం ఉన్నవాణ్ణి ఒకణ్ణి కమిటీలో తప్పకుండా పెట్టుకో, వాడంటే నీకు కాస్త చిరాకైనా సరే.

నీ చోటు ఎవరికిస్తావో కూడా మొదటిరోజు నుంచే ఆలోచించు. గిద్యోను పెద్దకొడుకు యెతెరు ఇంకా కుర్రాడు, రాజుల్ని చంపమని తండ్రి కత్తి దూయమంటే భయపడి దూయలేకపోయాడు. పిల్లల్ని వాళ్లకి తగని పనికి తొయ్యకూడదు. గిద్యోనుకు 70 మంది కొడుకులు, షెకెములో ఉపపత్ని కొడుకు అబీమెలెకు. తండ్రి పోయాక ఆ అబీమెలెకు బయల్బెరీతు గుడి నుంచి 70 తులాల వెండి తీసుకుని, పనికిమాలినవాళ్లను కూలికి పెట్టుకుని, అన్నదమ్ముల్ని ఒకే రాతిమీద చంపాడు, దాక్కున్న యోతాము ఒక్కడే మిగిలాడు. నా కొడుకు ఏలడు అని తండ్రి అన్న మాట ఆ ఇంట్లోనే నిలబడలేదు. మన సంఘాల్లో కూడా పదవులు తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిలాగా పోవడం చూస్తూనే ఉన్నాం, నాకది అస్సలు నచ్చదు, దేవుడికీ నచ్చదని నమ్ముతున్నా. ఇంటర్ చదివే పిల్లల్లో ఇద్దరు ముగ్గురిని చూసి చిన్న చిన్న పనులు అప్పజెప్పు, ప్రార్థన చేయించు, తప్పుచేస్తే పక్కకి పిలిచి చెప్పు. నువ్వు తప్పుకునే రోజుకి వాళ్లు తయారుగా ఉండాలి.

ఇదంతా చదివి గిద్యోనును తీసిపారేయకు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో విశ్వాసవీరుల మధ్య అతని పేరుంది, అతని రోజుల్లో దేశం 40 ఏళ్లు నెమ్మదిగా ఉంది. దేవుడు అతనితో నిజంగా పనిచేశాడు. ఏటా క్రిస్మస్‌కి మనం "మనకు శిశువు పుట్టెను" అని యెషయా 9 చదువుతాం కదా, దానికి రెండు వచనాల ముందే మిద్యాను దినం గురించి ఉంది, గిద్యోను గెలిచిన ఆ రోజే అది. అక్కడి నుంచి ఆగకుండా భుజం మీద రాజ్యభారం మోసే ఆ శిశువు దగ్గరికి వెళ్లిపోతాడు యెషయా. యెహోవాయే మిమ్మల్ని ఏలుతాడని గిద్యోను నోటితో అన్నది యేసుప్రభువులో నెరవేరింది. ఈ డిసెంబరులో ఆ వచనాలు పిల్లలతో చదివిస్తే నాలుగో వచనం వదిలెయ్యకుండా చదివించు, మిద్యాను ఎవరో కూడా చెప్పు.

మొదటి మీటింగ్ ఎప్పుడో తేదీ చెప్పు, ఆ పూట ఉపవాసం ఉండి ప్రార్థిస్తాను. మీ అన్నయ్యతో మాట్లాడాక నాకు ఫోన్ చెయ్యి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ